ఊరంతా తిరిగే గొంతు

దర్శి అవతల ఆ ఊళ్లో పొద్దున్నే పాలబండి హారను ఎంత మామూలో, రాగసుధ టీచరు గొంతు ఇళ్ల వెంట తిరగడమూ అంతే మామూలు. పిల్లలు ఎక్కడ చదువుతూ తడబడినా అక్కడి మాటలు ఆమె చెవిన పడేవి. వెంటనే ఆమె గొంతు అక్కడికి వెళ్లి, ఆగిన మాటను పిల్లల చెవిలో అందించేది. "ఇవాళ టీచరమ్మకి జలుబు చేసినట్టుందే, గొంతు బొంగురుపోయింది," అనుకునేవాళ్లు ఆడవాళ్లు పిండి రుబ్బుకుంటూ.

పాఠాలన్నీ ఆమెకు కంఠతా వచ్చు కాబట్టి ఎప్పుడూ తప్పు పోలేదు. మూడో తరగతి గడగడా చదివేస్తుంటే తనిఖీకి వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు. రాగసుధ కూడా మురిసిపోయింది, శుక్రవారం దాకా.

ఆ రోజు ఆమె ఆఫీసు గదిలో ఉండగా, తరగతిలో తేజశ్రీ కొత్త కథల పుస్తకం తీసి మొదటి మాటలోనే "కు..." అని ఆగింది. పుస్తకం కనబడకపోయినా గొంతుకు ఓపిక ఎక్కడిది? "కుక్క" అని అందించేసింది. రాగసుధ తిరిగొచ్చేసరికి ఆ పిల్ల కుక్క అనే చదువుతోంది. అక్కడ రాసింది కుందేలు. పక్కన బొమ్మలో కుందేలు చెవులు నిక్కబొడుచుకుని కూర్చుంది కూడా. తేజశ్రీ పేజీ వంక చూస్తేగా! తల ఓ పక్కకి వంచి తర్వాతి మాట కోసం ఎదురుచూస్తోంది. వీళ్లెవరికీ చదవడం రాదని రాగసుధకు అప్పుడు తెలిసింది.

ఆదివారం పొద్దున ఆమె తల దువ్వుకుంటుంటే చెవిలో పొలం చప్పుళ్లు మొదలయ్యాయి. డ్రమ్ములో నీళ్లు పడుతున్నాయి. మాట్లాడేది తేజశ్రీ తాత యలమందయ్య. ఆయనకు చదువు రాదు.

"చదవ్వే తల్లీ. రెండు సీసాలూ ఒకేలా ఉండి చచ్చినయ్యి. పత్తి చేలో మిగిలిన గడ్డి మందు ఒకదాంట్లో పోసి మీ నాన్న రెండిటికీ కాగితాలు అంటించాడు. అదిగానీ కలిసిందా, మిరప తోటంతా మాడిపోద్ది. ఇది పురుగు మందేగా?"

తేజశ్రీ ఆగింది. రాగసుధ నాలుక మీదికి "పురుగు" అన్న మాట దానంతటదే వచ్చేసింది. ఆమె దువ్వెన పారేసి రెండు చేతులతో నోరు నొక్కుకుంది. గొంతు బయటపడటానికి లోపల కొట్టుకుంటోంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"టీచర్... చెప్పండి టీచర్," అంటోంది పిల్ల.

"ఎండెక్కుతోందే! పోసేయమంటావా?" మూత తిప్పుతున్న చప్పుడు.

రాగసుధ పళ్లు బిగించింది. నోరు విప్పితే తోట పోవచ్చు, విప్పకపోయినా పోయేలాగే ఉంది. ఆ పిల్ల మీద అంత కోపం, అంత జాలి ఆమెకు ఎప్పుడూ కలగలేదు. చూడవే, ఆ కాగితం వంక చూడవే అని లోపల్లోపలే మొత్తుకుంది.

"గ..." అంది తేజశ్రీ. కాగితం మీద వేలు రాసుకుంటున్న చప్పుడు. "గడ్... డి." ఆ వెంటనే కేక. "గడ్డి మందు తాతా! పొయ్యొద్దు!"

సీసా నేల మీద పెట్టిన చప్పుడు. "నా తల్లే, నా బంగారమే," అంటున్నాడు యలమందయ్య. రాగసుధ నోటి మీంచి చేతులు తీయడానికి కాసేపు పట్టింది.

సోమవారం తేజశ్రీ కుందేలు కథే మళ్లీ తీసింది. రెండో వాక్యంలో ఆగిపోయింది. పాత అలవాటుకొద్దీ రాగసుధ పెదవులు కదిపింది. గొంతు ఎక్కడికీ వెళ్లలేదు.

తేజశ్రీ పేజీ మీంచి తలెత్తకుండానే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండండి టీచర్. నేను చూస్తున్నా."