ఒంటిచేతి కెమెరా

"నీకు ఆ మోటుదే మంచిది. నీ చేతిలో పడ్డ వస్తువేదైనా నాలుగు కాలాలు బతికిందా?" అన్నాడు భర్త, సోఫాలోంచి లేవకుండానే.

ఆమె అప్పుడు వంటింట్లో కుక్కర్ మూత రబ్బరుని సబ్బునీళ్లలో తిప్పి తిప్పి తోముతోంది. ఆ కుక్కర్‌కి పదిహేడేళ్లు. పక్కనున్న మిక్సీకి పన్నెండు. రెండూ రోజూ ఆమె చేతిలోనే పడి, ఇంకా బతికే ఉన్నాయి. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ చేతులు తడిగా ఉన్నప్పుడు వాదన పెట్టుకోకూడదని ఆమెకు ఏనాడో తెలిసింది. చేతులు తుడుచుకుని హాల్లోకి వెళ్లేసరికి వాదన చల్లారిపోతుంది, గిన్నెలు మాత్రం అక్కడే ఉంటాయి. ఇరవై ఏళ్ల కాపురంలో ఆమె చేతిలో పగిలినవి రెండు గాజుగ్లాసులు, ఒక టీ కప్పు. ఆ మూడింటికీ ఈ ఇంట్లో ఏటా వర్ధంతులు జరుగుతూనే ఉన్నాయి.

మాట వచ్చింది కెమెరా గురించి. ఆమె ఒక బడిలో సైన్సు టీచరు. ఇరవై ఏళ్లు పనిచేసినవాళ్లకి ఆ బడిలో గోడగడియారం ఇస్తారు. ఈసారి హెడ్మిస్ట్రెస్‌కి ఎందుకో దయ కలిగింది. "గడియారం చేతికిచ్చి టైముకి రమ్మనడం ఏం మర్యాదండీ! మీకేం కావాలో మీరే చెప్పండి" అంది. లెక్కల మాస్టారు నడుంనొప్పికి పనికొచ్చే కుర్చీ అడిగారు. సైన్సు టీచరు "కెమెరా" అంది. అన్నాక తనే ఉలిక్కిపడింది.

శుక్రవారం ఆఫీసు నుంచి ఫారం వచ్చింది. అందులో రెండు బొమ్మలు. ఒకటి అరచేతిలో ఇమిడే చిన్న కెమెరా. నీళ్లలో ముంచినా, మనిషెత్తు నుంచి జారిపడినా దానికేమీ కాదట. భర్త మోటుదన్నది దీన్నే. రెండోది డీఎస్ఎల్ఆర్, లెన్సులు మార్చుకోగల పెద్ద కెమెరా. ఆ జాతిలో ఇది కొత్తగా నేర్చుకునేవాళ్ల ఒకటో తరగతి అనుకోవచ్చు. ముందుకు పొడుచుకొచ్చిన లెన్సు, మెడలో వేసుకోవడానికి వెడల్పాటి పట్టీ. ధర రెండింటికీ ఇంచుమించు ఒకటే. ఏదో ఒకదానికి టిక్కు పెట్టి, ఎందుకు కావాలో ఒక్క వాక్యం రాసి సోమవారం ఇవ్వాలి.

ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆమె ఆగిపోయింది.

బడి వెనక గోడవారగా ఒక సిమెంటు తొట్టి ఉంది. మొక్కల కోసం కట్టారు. ఇప్పుడు అందులో వాననీరు నిలిచి, ఎవరూ పిలవకుండానే వచ్చిన జీవాలన్నీ కాపురముంటున్నాయి. ఏడో తరగతికి ఆమె పాఠం చెప్పేది అక్కడే. పిల్లలు ఆమెకి 'కప్పల టీచర్' అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆమెకి తెలుసని మాత్రం వాళ్లకి తెలియదు. ముప్ఫై ఎనిమిది తలలు తొట్టి మీదికి వంగితే, నీళ్లలో కనిపించేవి ముప్ఫై ఎనిమిది మొహాలే. వాటి కింద ఏముందో చూపించే పని డ్రాయింగు టీచరుది. ఆవిడ తొట్టి పక్కన నేల మీదే చతికిలబడి, గాజుసీసాలో నీళ్లు పట్టి, కళ్లు చిట్లించి చూసి, రంగు సుద్దలతో పలక నిండా బొమ్మ వేసేది. తూనీగ పిల్లకి దవడ ఎలా మడత పడుతుందో, నత్త పాకేటప్పుడు దాని పాదం అంచు ఎలా అలలు పోతుందో. వేసి, "మీసాలు సరిపోయాయా చెల్లీ, ఇంకో రెండు పెట్టమంటావా?" అని అడిగేది. పదహారేళ్లు అలా జరిగింది.

పోయినేడు వానలు మొదలైన వారంలో ఆవిడ పోయింది. మూడు రోజుల జ్వరం. దాని గురించి సైన్సు టీచరు ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. మాట్లాడాల్సిన మనిషి ఆవిడే. ఆ ఏడాది బొమ్మలు తనే వేయబోయింది. తోకకప్పని వేసి పలక ఎత్తి చూపిస్తే, ముందు వరసలోని అమ్మాయి ఎంతో మర్యాదగా, "టీచర్, బంగాళాదుంపకి తోక ఎందుకుంది?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. చాలా రోజుల తర్వాత అదే మొదటిసారి నవ్వడం. అయితే ఆ ఏడాది పిల్లలు నీళ్ల కింద ఏముందో చూడకుండానే ఎనిమిదో తరగతికి వెళ్లిపోయారు.

ఇవన్నీ ఒక్క వాక్యంలో ఎలా రాయడం? పైగా భర్త మాట ఒకటి ముల్లులా గుచ్చుకుంటోంది. మోటుది. ఈ ఇంట్లో ఆమె కోసం కొన్నవన్నీ గట్టివే. "నీ కోసమే" అంటూ ఒక పుట్టినరోజుకి బట్టలుతికే మిషన్ వచ్చింది. అందులో నలుగురి బట్టలు పడతాయి, వేసేవి, తీసేవి, ఆరేసేవి రెండు చేతులే. "నీ కోసమే" అంటూ ఇంకో ఏడాది పెద్ద ఫ్రిజ్ వచ్చింది. అప్పటి నుంచి చెప్పకుండా వచ్చే చుట్టాలు పెరిగారు. నాజూకైనదీ, ఖరీదైనదీ, మెత్తటి గుడ్డతో తుడిచి దాచుకునేదీ తనకి తగదని ఎవరు తేల్చారు? గిన్నెలు బోర్లించేలోపు ఆమె నిర్ణయం అయిపోయింది. పెద్దదే. మెడలో వేసుకుని మరీ తిరుగుతుంది. చూసేవాళ్లు చూస్తారు.

శనివారం సాయంత్రం ఇద్దరూ కెమెరాల దుకాణానికి వెళ్లారు, చేతితో పట్టుకుని చూడటానికి. దుకాణం నడిపే ఆవిడ కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని రెండింటినీ బల్ల మీద పెట్టింది. ఆమె పెద్దదాన్ని ఎత్తి కంటికి ఆనించిందో లేదో, భర్త చెయ్యి వచ్చింది.

"అలాక్కాదు పట్టుకోవడం. ఇటివ్వు, నేను చూపిస్తా."

ఆయన కూడా దాన్ని పట్టుకోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఒక కన్ను మూశాడు, దాంతోపాటు నోరు తెరుచుకుంది. కటక్ మంది. తెర మీద దుకాణం తలుపు, తలుపు వెనక వీధంతా మెత్తగా మసకబారి, చూడచక్కగా పడింది. "ఓహో!" అన్నాడు. మళ్లీ కటక్. "దీనికి ఇంకే లెన్సులు దొరుకుతాయండీ?" అని మొదలుపెట్టి, గోడ గడియారాన్ని, తన బూట్లని, ఎదురు బల్ల దగ్గరున్న ముసలాయన్ని వరసపెట్టి తీశాడు. తీసిన ప్రతిదీ బాగుంది. నిన్నటిదాకా మోటుదని, నాజూకుదని మాట్లాడిన మనిషి, పది నిమిషాల్లో కొత్త అల్లుడిలా మురిసిపోతూ ఆ కెమెరాని ఒళ్లో పెట్టుకున్నాడు.

దుకాణం ఆవిడ అటు చూసి, ఇటు చూసి, గొంతు తగ్గించింది. "ఈ చిన్నదాన్ని చూస్తారా? ఉన్నమాట చెప్తున్నా. గదిలో వెలుతురు తక్కువైతే ఇది ఇసక చల్లినట్టు తీస్తుంది. ఆ పెద్దదాని అందం దీనికి రాదు. కానీ దగ్గరికి పోవడంలో దీనికి సిగ్గూ బిడియం లేవు. చీమ మొహం మీద మొహం పెట్టి తీస్తుంది." బల్ల మీదున్న గాజుజాడీని ముందుకు జరిపింది. అడుగున గులకరాళ్లు, పైదాకా నీళ్లు. "ముంచండి."

"నిజంగా?"

"ముంచండమ్మా. దానికి నీళ్లంటే లెక్కలేదు."

చిన్న కెమెరాని ఒక్క చేత్తో పట్టుకుని ఆమె మణికట్టు దాకా ముంచింది. ఇరవై ఏళ్లుగా రోజుకి నాలుగుసార్లు నీళ్లలో నానే చెయ్యి అది. కడగాల్సినదేదీ లేకుండా నీళ్లలోకి వెళ్లడం ఆ చేతికి కొత్త. వేలు దానంతటదే మీట నొక్కింది. బయటికి తీసి తెర చూసుకుంది. గులకరాళ్లు కొండల్లా ఉన్నాయి. ఒక రాయి మీది పాకుడు పచ్చటి అడవిలా ఉంది, ఆ అడవి చివర బుడగలు వరసగా వేలాడుతున్నాయి. పైన నీటి ముఖం వెండి పైకప్పులా మెరుస్తోంది. ఆ పైకప్పులోంచి, ఒక కన్ను మూసి నోరు తెరిచిన భర్త మొహం బారెడు సాగి కనిపిస్తోంది.

ఆమె పకపకా నవ్వింది. దుకాణంలో అందరూ తిరిగి చూశారు.

"ఏమైంది?" అన్నాడు భర్త.

"ఏం లేదండీ. నీళ్లలోంచి మీరు చాలా బాగున్నారు."

ఇంటికి వస్తుంటే మాత్రం నవ్వు తగ్గి చిక్కు మొదలైంది. మనసు చిన్నదాని మీద పడింది. తొట్టిలోకి ఒంటిచేత్తో దించి, రెండో చేత్తో పిల్లల్ని వెనక్కి జరపొచ్చు. అయితే చిన్నది తీసుకోమన్నది ఆయనే. తీసుకుంటే, తన చేతిలో ఏదీ బతకదని తనే సంతకం పెట్టినట్టు. పక్కన నడుస్తున్న ఆయన మాత్రం పెద్దదాన్నే పొగుడుతున్నాడు. "నిన్న ఏదో అన్నాన్లే. అదైతే ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది." ఇప్పుడు చిన్నది తీసుకుంటే ఆయనకి ఎదురు, నిన్నైతే విధేయత. ఒక్క రోజులో ఆయన మాట తిరగబడింది. ఆ మాట తోక పట్టుకుని తనూ గిర్రున తిరుగుతోంది. ఆయన కాదన్నాడని ఒకటి కోరుకున్నా అది ఆయన మాట వినడమే కదా, అనిపించింది ఆమెకి. ఇన్నేళ్లూ తను చేసిన చాలా పోట్లాటలు అలాంటివేనేమో.

ఆదివారం ఆడపడుచు ఫోన్ చేసింది.

"వదినా! అన్నయ్య చెప్పాడు. ఎంత చల్లటి కబురు! వచ్చే నెల మా పెళ్లయి పాతికేళ్లు కదా, ఫొటోలాయన్ని వద్దని చెప్పేశాను. మనింటి మనిషి ఉండగా బయటివాళ్లెందుకు? నువ్వు పొద్దున్న ఎనిమిదికల్లా వచ్చెయ్. గుమ్మం దగ్గర నించుంటే వచ్చేవాళ్లనందర్నీ తీసెయ్యొచ్చు."

"ఎనిమిదికా?"

"ఏడున్నరకైతే మరీ మంచిది. మా ఆయన తరఫువాళ్లకి చిన్నచూపు అనిపించకుండా ఒక్కో కుటుంబాన్ని రెండేసిసార్లు తియ్యాలి సుమా."

"మరి నేను భోజనం..."

"అందరూ అయ్యాక తీరిగ్గా తిందువుగాని. తినేవాళ్లని కూడా తియ్యాలిగా!"

ఫోన్ పెట్టేసి ఆమె మెడ తడుముకుంది. ఆ వెడల్పాటి పట్టీ మెడలో పడ్డట్టే ఉంది. కెమెరాకి పట్టీనో, తనకి పలుపో. గడప దాటకముందే పెద్ద కెమెరాకి ఉద్యోగం దొరికింది. ఆ ఉద్యోగం చేయబోయేది తను. ఇందులో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. అదే చిక్కు. చెడ్డ ఉద్దేశం ఉంటే ఎప్పుడో తలుపు వేసేసేది.

సోమవారం పొద్దున్న క్యారేజీ కట్టి, సంచీ సర్దుకోబోతే ఫారం బల్ల మీద సిద్ధంగా ఉంది. పూర్తిగా నింపి ఉంది. నీలి సిరా, ముత్యాల్లాంటి అక్షరాలు.

"నీకు తీరిక ఉండదని పొద్దున్నే లేచి నేనే రాసేశాను" అన్నాడు భర్త సంతోషంగా. నిజంగానే సాయం చేశాననుకున్నాడు. ఈ ఇంట్లో ఏ కాగితమైనా నింపేది ఆయనే. ఏడాదికి రెండు వందల ప్రగతి పత్రాలు రాసే మనిషి తరఫున కూడా.

పెద్ద కెమెరాకి టిక్కు పడి ఉంది. ఎందుకు కావాలి అన్నచోట: "కుటుంబ అవసరాల నిమిత్తం."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. బస్సుకి ఇంకా పది నిమిషాలుంది. సంచీలోంచి ఎర్రకలం తీసింది. టిక్కు మీద అడ్డగీత గీసింది. చిన్న కెమెరాకి టిక్కు పెట్టింది. నీలి వాక్యాన్ని ఒక్క గీతతో కొట్టేసి, దాని కింద రాసింది: "నీళ్లలో ఏముందో చూడటానికి, చూపించడానికి."

"ఇదేంటి, ఆఫీసు కాగితం మీద ఎర్ర గీతలా!"

"జవాబు తప్పైతే ఇలాగే దిద్దుతానండీ. చేతిరాతకి మాత్రం పదికి పది."

"వాడి చేతిరాత చిన్నప్పటి నుంచీ బంగారమే" అంది గుమ్మం దగ్గర కూర్చున్న అత్తగారు, టీ గ్లాసు దించకుండా. "జవాబులే తప్పేవి."

"అమ్మా, నువ్వాగు. ఇందులో తప్పేముందీ?"

"ప్రశ్న నన్నడిగారు" అంది ఆమె.

ఆయన ఫారం వైపు, ఆమె వైపు చూశాడు. "మరి చెల్లెలికి ఏం చెప్పను?"

"ఫొటోలాయన్ని మళ్లీ పిలవమనండి. మీరు చెప్పలేకపోతే నేను చెప్తాను. నేను అందరితోపాటు వస్తాను, అందరితోపాటు తింటాను. మీకు ఆ పెద్దది అంత నచ్చితే మీరు కొనుక్కోండి, గుమ్మం దగ్గర మీరు నిలబడండి. మీరు బాగా తీస్తారండీ, నిజంగా."

ఆఖరి మాటకి ఆయన కోపం ఎటు పోవాలో తెలియక ఆగిపోయింది. కాసేపు బుర్ర గోక్కున్నాడు. ఉన్నట్టుండి ఆయన మొహం వెలిగింది. "ఉండు, ఉండు. అసలు మొదట చిన్నదే మంచిదన్నది నేనే కదా! అంటే చివరికి నా మాటే నెగ్గిందన్నమాట."

అత్తగారు టీ గ్లాసు చాటున నవ్వింది. శనివారం దారి పొడుగునా సైన్సు టీచరు భయపడింది ఈ మాటకే. తీరా అది వచ్చి చెవిన పడితే ఎక్కడా గుచ్చుకోలేదు. "అలాగే అనుకోండి" అంది. సంచీ భుజానికి తగిలించుకుని బస్సుకి పరుగెత్తింది.

బడిలో హెడ్మిస్ట్రెస్ ఫారాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసింది.

"ఈ నీలి సిరా ఎవరిదండీ? అచ్చేసినట్టుంది."

"మా వారిదండీ."

"ఎర్రది?"

"నాది."

ఆవిడ పెదాలు బిగబట్టి నవ్వాపుకుంది. సంతకం పెట్టబోతూ కలం ఆపి తలెత్తింది. "తర్వాత గొడవలవుతాయేమో. ఇంట్లో అడిగే మార్చారా?"

"అడగలేదండీ" అంది సైన్సు టీచరు. "చెప్పాను."