మాట్లాడతానే ఉండండక్కా

గ్రేసీ పేరు వింటేనే కోమలవల్లికి ఒళ్ళు మండుతుంది. ఎందుకని అడిగితే వంద కారణాలు చెబుతుంది గానీ అసలుది ఒకటే: తిరుపతి ఆఫీసులోని కుర్చీ. కోమలవల్లి ఇల్లు తిరుపతిలో, ఉద్యోగం శ్రీ సిటీలో, ఫ్యాన్ మోటార్లు తయారుచేసే ఫ్యాక్టరీలో. పొద్దున్నే కంపెనీ బస్సెక్కి అంత దూరం పోయి, అక్కడి కంప్యూటర్లూ ఫోన్లూ చూసుకుని, నడుము పట్టుకుని ఇల్లు చేరుతుంది. నిన్నగాక మొన్న చేరిన గ్రేసీ మాత్రం వడమాలపేట నుంచి హాయిగా వచ్చి అదే కంపెనీ తిరుపతి ఆఫీసులో ఏసీ కింద కూర్చుంటుంది. అన్యాయం కాదూ!

ఆ కుర్చీ గ్రేసీకి ఇంకా ఖాయం కాలేదు. ఇద్దరిలో ఎవరికివ్వాలో ఈ వారంలో తేలుస్తానని మేనేజరు దేవనాథన్ అన్నాడు. సరిగ్గా ఇప్పుడే ఇంటర్నెట్ ఫోన్లు మొరాయించాయి. ఫ్యాక్టరీ నుంచి తిరుపతికి చేస్తే ఫోన్ మోగుతుంది, ఎత్తుతారు, వాళ్ళ మాట ఇక్కడికి వినిపిస్తుంది. ఇక్కడి మాట మాత్రం అక్కడికి చేరదు.

తప్పు ఫోన్లదేనని కోమలవల్లి సెట్లన్నీ మార్పించింది. లాభం లేకపోయింది. అప్పుడు గ్రేసీ, అదీ దేవనాథన్ ముందు, నోరు తెరిచింది.

"గేట్‌కీపర్ సర్వర్ కాల్ కలిపేంత వరకే సార్. కలిసినాక మాట పోర్టులనే వేరే తలుపుల్లో వస్తాది. మన కొత్త ఫైర్‌వాల్ వాటిని మూసేసుంటాది. తెరిసి సూస్తా."

దేవనాథన్ తెగ మెచ్చుకున్నాడట. ఆ ముక్కను ఎవరో పనిగట్టుకుని ఫ్యాక్టరీ దాకా మోసుకొచ్చారు. ఆ గేట్‌కీపర్ సర్వర్‌ను దగ్గరుండి పెట్టించింది కోమలవల్లి. దాని గురించి ఈ పిల్ల పాఠాలు చెబుతోంది! ఆ రోజు ఆవిడకు అన్నం సయించలేదు.

మర్నాడు మధ్యాహ్నం పరీక్ష మొదలైంది. తిరుపతిలో గ్రేసీ హెడ్‌సెట్ పెట్టుకుంది, పక్కన దేవనాథన్ కూర్చున్నాడు. ఫ్యాక్టరీలో కోమలవల్లి ఒక్కతే ఫోన్ పట్టుకుంది.

"అక్కా, నా మాట మీకు వస్తాదని తెలుసు, మీదే నాకు రాదు. మీరు ఆపకుండా మాట్లాడతానే ఉండండక్కా. నేను ఒక్కో పోర్టు తెరస్తా పోతా. మీ గొంతు వినపడిందంటే దొరికినట్టే."

అంటే వినే దిక్కులేని ఫోన్లో ఒంటరిగా వాగాలన్నమాట. కోమలవల్లి కాసేపు అంకెలు లెక్కపెట్టింది. విసుగొచ్చి క్యాంటీన్ మీద పడింది.

"ఈ పొద్దు సాంబారులో ఉప్పే లేదు. పొరియల్ కూర మాడిపోయినాది."

అటువైపు కీబోర్డు టకటకలాడుతోంది. దేవనాథన్ ఏదో అన్నాడు. గ్రేసీ నవ్వింది. ఆ నవ్వు వినగానే కోమలవల్లి క్యాంటీన్‌ను వదిలి గ్రేసీ మీద పడింది.

"నవ్వు తల్లీ, బాగా నవ్వు. ఇన్నేండ్లు బస్సులో ఊగి ఊగి నేను నడుము పోగొట్టుకుంటే, నువ్వొచ్చి నా కుర్చీలో కూసుంటావా?"

కీబోర్డు ఆగింది. "సార్, ఇది ఇంకా కొంచేపు పట్టేట్టుండాది. మీరు టీ తాగి రండి" అంటోంది గ్రేసీ. కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు మూసిన చప్పుడు.

"సార్‌నే టీకి తోలినావా! నేనేమన్నా అడిగితే వారం నానుస్తాడు. నువ్వంటే లేసి పోతాడు. ఏముండాదే నీ దగ్గిర? వడమాలపేట రోడ్డు మీద పంచర్లేసే పాల్ కూతురివి. ఆ గ్రీజు సేతులోడి కూతురు ఏసీలో కూసోవాల, నేను బస్సులో మాడాల! నీ గొంతు బాగుండాది, నీ నవ్వు బాగుండాది, అందురికీ నువ్వే ముద్దు. నాకేం తక్కువ? సెప్పు, నాకేం తక్కువ?"

అప్పుడు గమనించింది, అవతల కీబోర్డు చప్పుడు మళ్ళీ మొదలవలేదని.

"గ్రేసీ?" అంది మెల్లగా.

"ఉండానక్కా."

"నా మాట నీకు వినపడతా ఉండాదా?" అడిగింది కోమలవల్లి.

"కుర్చీ అన్నారే, ఆడి నుంచీ. నా మొకం సూసి సార్ ఏమైందని అడుగుతాడని ఆయన్ని పంపించేసినా. నన్నెన్నన్నా అనండక్కా. మా నాయన మీకేం సేసినాడు?"

గ్రేసీ ఒక్కమాట చెప్పిందంటే తిరుపతి కుర్చీ సంగతి అటుంచి, ఉన్న ఉద్యోగం నిలబడటమే కష్టం. తప్పయిపోయిందని అనబోయింది. అంతలో తలుపు తెరుచుకున్న చప్పుడు.

"ఏమ్మా, దొరికిందా?" దేవనాథన్ గొంతు.

"దొరికింది సార్. స్పీకర్ పెడతా, మీరే మాట్లాడండి."

"కోమలా! ఏదీ, ఒక మాట చెప్పు, విందాం."

ఆయన వింటుండగా ఆ పిల్లతో ఏమనాలి? కోమలవల్లి ఫోన్ చెవికి నొక్కిపట్టుకుని అలాగే నిలబడింది.

"ఏమి గ్రేసీ, మాట ఇంకా రాలేదే?"

"లైన్ బాగుండాది సార్. అక్కే మాట్లాడలేదు."

అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు గ్రేసీ. గొంతులో కోపం లేదు, తడబాటూ లేదు. అన్నన్ని మాటలు పడ్డాక కూడా అంత నిబ్బరం ఎక్కడినుంచి వచ్చిందో! కోమలవల్లికి ఇప్పుడు ఆ నిబ్బరం మీద కూడా కుళ్ళు పుట్టింది.