కింది అరలోని గుడ్లు

లోస్ బాన్యోస్‌లోని ప్రయోగశాలలో రొవేనా మూడు నెలలుగా బాతుగుడ్లతో కుస్తీ పడుతోంది. పది రోజులు పొదిగిన గుడ్డుకు పెంకు మీద చిన్న కిటికీ కోసి, లోపలి నెత్తుటి పొర మీద కేన్సర్ కణాలు పెడుతుంది. అవి అక్కడ కట్టిన గడ్డను వదిలి రక్తనాళంలోకి ఎప్పుడు దూరతాయో చూడటం ఆమె పని. సగం గుడ్లకు కొత్త మందు చుక్క వేస్తుంది.

మొదటిసారి మందు పడ్డ గుడ్లలో ఒక్క కణం కూడా కదల్లేదు. ప్రొఫెసర్ సంబరపడి అందరికీ పాన్సిట్ నూడిల్స్ తెప్పించాడు. రెండోసారి మందు పడ్డవాటిలోనే కణాలు పారిపోయాయి, పడనివాటిలో కదల్లేదు. మూడోసారి మళ్ళీ తారుమారు. రొవేనాకు తిక్కరేగింది. గుడ్లు పంపే పసింగ్‌కు ఫోన్ చేసి విరుచుకుపడింది.

"మీ గుడ్లు ఒక్కోసారి ఒక్కోలా ఉంటున్నాయి, అలింగ్ పసింగ్. ఇలాగైతే నేనేం చేసుకోను?"

నలభై ఏళ్ళుగా గుడ్లు సగం పొదిగించి, ఉడికించి బాలుట్‌గా అమ్ముతున్న మనిషి పసింగ్; పెద్దరికానికి అందరూ 'అలింగ్' అని పిలుస్తారు.

"నా గుడ్డుకు వంక పెట్టినవాళ్ళు ఇంతవరకు లేరు. వస్తున్నా ఉండు" అని జీప్నీ ఎక్కి వచ్చేసింది.

ఇంక్యుబేటర్ తెరిచి, ఇంకా కోయని గుడ్లు పై అరలోంచి ఒకటి, కింది అరలోంచి ఒకటి తీసి మూసిన కనురెప్పకు ఆనించుకుంది.

"ఇది వెచ్చగా ఉంది. ఇది చల్లబడింది."

"మీటర్ ముప్పై ఏడున్నర చూపిస్తోంది కదండీ."

"మీటరుకు కనురెప్ప ఉందా తల్లీ?"

ఆవిడ నోరు మూయించడానికే రొవేనా కింది అరలో థర్మామీటర్ పెట్టింది. ముప్పై నాలుగు. మీటర్ ఉన్నది పై అరలో. లోపలి ఫ్యాన్ తిరగక వేడి కిందికి చేరడం లేదు.

నోటు పుస్తకం తిరగేసింది. మొదటిసారీ మూడోసారీ మందు గుడ్లు కింది అరలో, రెండోసారి పై అరలో. కణాలను ఆపింది చలి, మందు కాదు. అర నంబర్లు తన చేత్తో తనే రాసింది. ఒక్కసారీ చూసుకోలేదు.

"ఫ్యాన్ బాగుచేయించు. సోమవారం నలభై పంపుతా" అంది పసింగ్. "మళ్ళీ నా గుడ్లను తిడితే మాత్రం ఊరుకోను."

ఫ్యాన్ బాగయ్యాక, ఈసారి బతికిన ముప్పై ఆరింటిలోనూ, మందు పడ్డా పడకపోయినా, కణాలు మూడో రోజుకల్లా నాళంలోకి దూరాయి.

"మందు పనిచేయదు సార్" అంది రొవేనా.

"మొదట పనిచేసిందన్నావుగా?"

"చలి పనిచేసింది."

ఆయన ముఖం చిట్లించాడు. "పోనీలే, గుడ్లు అన్నీ ఒకే మాట చెప్పడం ఇదే మొదలు" అని సొరుగు తెరిచి ఇంకో మందు సీసా ఆమె చేతిలో పెట్టాడు.