గ్రీసుకి తెచ్చిపెట్టిన రాజు

కాలు విరిగింది మిల్లులో. పారేసింది గేటు బయట. పేర్చిన బస్తాల నెట్టు కూలిపోయి మీద పడితే, హమాలీల మేస్త్రీ చిట్టియ్యను గోనెపట్టా మీద ఈడ్పించి, రోడ్డు పక్కన పడేయించి, లారీ గుద్దిందని పోలీసులకు రాయించాడు మిల్లు యజమాని. చిట్టియ్య పెళ్లాం వీరమ్మ అదే మిల్లులో నూకలు చెరుగుతుంది. చేట పట్టుకుని అంతా చూసింది.

మర్నాటి నుంచి ఆ మండపేట మిల్లులో హమాలీల ముఠా బస్తా ముట్టలేదు. నిజం రాయాలి, చిట్టియ్యను పనిలోంచి తియ్యకూడదు. అడిగింది అంతే. పదకొండో రోజుకి ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు.

అప్పుడు దిగాడు ఎదురు మిల్లు ఆసామి అమ్మిరాజు. మొన్నటిదాకా సమ్మె చేసేవాళ్లని తన్నాలన్న ఈ పెద్దమనిషే మిల్లు గేటు ముందు లారీడు బియ్యం దింపించి చేతులు జోడించాడు.

"మీ కష్టం చూళ్లేకపోతున్నానండి. మా బావమరిదిని మీ హమాలీ సంఘానికి ప్రెసిడెంటుగా పెట్టుకోండి, చాలు."

బావమరిది తలెత్తకుండా సెల్‌ఫోన్ నొక్కుకుంటున్నాడు.

ఆదివారాలు సంఘంలో చరిత్ర చెప్పే సుధాకర్ మాస్టారు మెత్తబడ్డారు. "తప్పేముందర్రా? గ్రీసువాళ్లు టర్కీ సుల్తాను మీద తిరగబడితే ఇంగ్లండు, ఫ్రాన్సు, రష్యా వచ్చి సుల్తాను ఓడల్ని ముంచాయి. అందుకే గెలిచారు."

"మొదట్నుంచీ వాళ్ల పక్షమేనాండి?" అంది వీరమ్మ.

"లేదమ్మా. మొదట్లో రాజులంతా ఛీకొట్టారు. జనం ఆరేళ్లు నెత్తురోడ్చాక వచ్చారు."

"గెలిచాక ఎవరేలారు?"

"ఆ మూడు దేశాలూ కూడబలుక్కుని, జర్మనీ వైపు నించి పదిహేడేళ్ల కుర్రాణ్ణి తెచ్చి రాజుని చేశాయి. ఒప్పందం రాసేటప్పుడు గ్రీసువాళ్లని పిలవను కూడా లేదు."

"థూ!" వీరమ్మ ఉమ్మేసింది. "నెత్తురొకళ్లది, కుర్చీ ఇంకొకళ్లదా? సగం పాఠం చెప్పి మమ్మల్ని అమ్మేస్తారేంటి మాస్టారూ?"

అమ్మిరాజు మొహం మాడిపోయింది. "ఓహో, అంత బలుపా? అయితే నా బియ్యం నా లారీకెక్కించండి!"

ఎవరూ కదల్లేదు. ఆకలి ఒక కారణం. రెండోది, ఆ ముఠా ఆచారం ప్రకారం మొదటి బస్తా మోసినవాడే మేస్త్రీ, అతనికంటే ముందు ఇంకెవరూ వీపు వంచకూడదు. చిట్టియ్యేమో ఆస్పత్రిలో ఉన్నాడు.

వీరమ్మ కొంగు నడుముకి దోపి వంగింది. "పెట్టండ్రా నా మీద!"

ఆ మిల్లులో ఆడది బస్తా మోసిన రోజు లేదు. ఇద్దరు తటపటాయిస్తూనే ఎత్తి పెట్టారు. పట్టుకోబోయినవాణ్ణి మోచేత్తో తోసేసి, లారీ దాకా నడిచి బస్తా దించింది.

ముఠాలో అందరికంటే పెద్దవాడు అబ్బులు తలగుడ్డ బిగించి రెండో బస్తా కింద వీపు పెట్టాడు.

"ఎక్కడ వెయ్యమంటారు మేస్త్రీ గారూ?"

"లారీలోనే వెయ్యి. అయ్యాక నిజం రాయించడానికి అందరం పోలీస్ స్టేషనుకే."

తిండి లేని అరవై మంది వరస కట్టారు.