బీరువాలో మోగే ఫోను

ఆ ఇంట్లో ఒక ఫోను ఉంది. మోగుతుంది, మోగి మోగి దానంతటదే ఆగిపోతుంది. ఎవరూ ఎత్తరు.

మెట్టుగూడలో రైలు పట్టాలకు రెండు వీధుల ఇవతల ఏసురత్నం ఇల్లు. లోపలి గదిలో ఇనప బీరువా. దాని తలుపు సందులోంచి ఒక తెల్లటి వైరు బయటికొచ్చి గోడ మీది స్విచ్ బోర్డులోకి పోతుంది. ఆ స్విచ్చి ఎవరూ ఆపరు. బీరువాలో, మడత పెట్టిన చొక్కాల మీద, నతానియేల్ ఫోను ఉంటుంది. నతానియేల్ పోయి రెండేళ్ళు దాటింది. ఫోను మాత్రం బతికే ఉంది. రీచార్జి అయిపోవచ్చేసరికి ఏసురత్నం మళ్ళీ చేయిస్తాడు. ఆ సంగతి భార్యాభర్తలిద్దరూ ఒక్కనాడూ నోరు విప్పి మాట్లాడుకోలేదు.

కాంతమణి టీచరు. సాయంత్రం స్కూలు నుంచి రాగానే చెప్పులు విడిచి, వరండా మెట్టు మీద కూలబడి, కొడుక్కి ఫోను చేస్తుంది. లోపల బీరువాలో మోగుతుంది. ఆమె చెవిలో మాత్రం వాడు పెట్టుకున్న కాలర్ ట్యూన్ వినిపిస్తుంది, ఏదో క్రిస్మస్ పాట. పాట ఆగేదాకా వింటుంది. బతికున్నప్పుడు మాత్రం ఎత్తేవాడా మహానుభావుడు! "నీకెందుకురా ఫోను, పొయ్యిలో పెట్టనా?" అని ఎన్నిసార్లు తిట్టిందో లెక్కలేదు. అందుకే ఆ ఎత్తకపోవడంలో ఆమెకు కాస్త ఊరట. ఎత్తలేదంటే వెధవ ఎక్కడో తిరుగుతున్నాడు, ఆకలేస్తే వాడే వస్తాడు.

ఆమె పాట వింటుంది, సరే. మోత వినాల్సింది కూతురు ప్రిసిల్లా కదా! ఆ బీరువా పక్కనే ఆమె చదువుకునే బల్ల. బల్ల అన్నయ్యది, కుర్చీ అన్నయ్యది, పుస్తకాల్లో పెన్సిలు గీతలు అన్నయ్యవి. సాయంత్రం మోత మొదలవగానే పిల్ల చదువుతున్న వాక్యం మీద వేలు పెట్టి ఆగిపోతుంది. మోత ఆగాక అదే వాక్యం మొదటినుంచీ చదువుతుంది.

ఇప్పుడా పిల్ల కూడా ఒక ఫోను కోసమే ఎదురు చూస్తోంది.

నీట్‌లో ప్రిసిల్లాకు మార్కులు తక్కువొచ్చాయి. మరీ సిగ్గుపడేంత తక్కువ కాదు, సీటొచ్చేంత ఎక్కువా కాదు. గవర్నమెంటు కౌన్సెలింగులో ఒక్కో విడతా ఆమె పేరు లేకుండానే వెళ్ళిపోయింది. మిగిలింది ఒకే ఒక్క దారి. ఎక్కడో కొండల మధ్య ఒక మిషన్ మెడికల్ కాలేజీ ఉంది. కొన్ని సీట్లు చర్చి సంఘాల సిఫారసు మీద, ఇంటర్వ్యూ చేసి ఇస్తారు. మార్కులు తక్కువైనా మనిషిని చూస్తారని పేరు. చర్చి నుంచి సిఫారసు వెళ్ళింది. "వాళ్ళు పాతకాలపు మనుషులమ్మా, మెయిళ్ళూ గియిళ్ళూ ఉండవు. ఫోను చేసే పిలుస్తారు. ఫోను దగ్గరే ఉండు," అని చెప్పారు చర్చి పాస్టరు అయ్యగారు. ఆ ముక్క పట్టుకుని పిల్ల స్నానానికి వెళ్ళినా ఫోను వెంట తీసుకెళ్తోంది. తడిచేత్తో తెరిచి చూసుకుంటోంది.

అదే కాలేజీ రెండేళ్ళ కిందట నతానియేల్‌ను, ఇంటా బయటా అందరూ నాని అని పిలిచేవాణ్ణి, ఇంటర్వ్యూకు పిలిచింది. వాడి మార్కులు అటువంటివి. రైలెక్కాల్సిన రోజుకు వాడు డెంగీతో ఐసీయూలో ఉన్నాడు.

అప్పటినుంచీ చర్చిలో కాంతమణి టీచరుగారు లేరు. నాని వాళ్ళమ్మ ఉంది. ప్రిసిల్లా కూడా నాని వాళ్ళ చెల్లే. "అన్న కల నువ్వు నెరవేర్చాలి తల్లీ," అని ప్రతి ఆదివారం ఎవరో ఒకరు ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి మరీ చెబుతారు. అన్న కలట! ప్రిసిల్లా నాలుగో క్లాసులో ఉండగా తండ్రి చెయ్యి వర్క్‌షాపులో నలిగితే రైల్వే ఆస్పత్రిలో కుట్లేశారు. తల్లి కళ్ళు మూసుకుంది, నాని గాడు బయటికి పరిగెత్తి వాంతి చేసుకున్నాడు. ఈ పిల్ల మాత్రం మంచం అంచు పట్టుకుని, సూది ఎటు దిగి ఎటు తేలుతోందో చూస్తూ నిలబడింది. ఆ రోజు పుట్టిన కోరిక అది. కానీ చచ్చిపోయినవాడితో వాదన పెట్టుకుని ఎవరు గెలిచారు గనక?

ఎదురింటి ఊర్మిళ అయితే రోజుకోసారి గేటు దగ్గర ఆపుతుంది. "ఏందమ్మా ప్రిసీ, ఇంక ఫోన్ రాలే? జెర నువ్వే చేసి అడగరాదు? గిట్ల పరేషాన్ అయితే ఎట్ల, సగమైనవ్ సూడు."

"అడగొద్దన్నారు ఆంటీ. వాళ్ళే చేస్తారంట."

"చేస్తరు తియ్. మీ అన్న సూత్తనే ఉంటడు పైకెల్లి."

చూస్తూనే ఉంటాడు. అదే ప్రిసిల్లా భయం. రాత్రిళ్ళు సరే, పట్టపగలు కూడా ఆ కుర్చీలో కూర్చుంటే వెనకాల ఎవరో నిలబడి, తను తప్పు చేసిన లెక్క వైపు చూస్తున్నట్టుంటుంది. ఒకటి రెండుసార్లు చప్పున తిరిగి చూసింది కూడా. బీరువా, వైరు, అంతే. వాడికి దక్కనిది నాకు దక్కకూడదని చూస్తున్నాడేమో అనిపించింది ఒకసారి. అనిపించినందుకు చెంపలేసుకుంది.

బుధవారం పొద్దున తల్లి స్కూల్లో, తండ్రి డ్యూటీలో ఉండగా బీరువాలో ఫోను మోగింది.

ప్రిసిల్లా ఉలిక్కిపడింది. వేళకాని వేళ. అమ్మకు అక్కడ ఇంటర్వెల్ అయ్యుంటుంది అనుకుంది. మోగి ఆగింది. మళ్ళీ మోగింది. మధ్యాహ్నం ఇంకోసారి. పిల్లకు ఒళ్ళు మండిపోయింది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. తన ఫోను పక్కన శవంలా పడి ఉంది, శవమైనవాడి ఫోను గణగణలాడుతోంది! దిండు తీసి చెవులకు అదుముకుంది.

సాయంత్రం కాంతమణి మెట్టు మీద కూర్చోగానే అడిగేసింది. "అమ్మా, ఇప్పుడు స్కూల్ నుంచి కూడా స్టార్ట్ చేశావా? నేను చదువుకోవద్దా?"

"ఏం స్టార్ట్ చేశాను?"

"అన్నయ్య ఫోను. పొద్దున్నుంచి మూడుసార్లు."

కాంతమణి ముఖంలో రక్తం లేదు. "నేను చెయ్యలేదే," అంది.

ఇద్దరూ లోపలి గది వైపు చూశారు. లేచి వెళ్ళి ఆ తలుపు లాగితే తేలిపోయేది. లాగలేదు. వాడి ఫోనుకు ఎవరు చేస్తారు? స్నేహితులందరికీ తెలుసు, పాడె మోసినవాళ్ళే వాళ్ళు. ఆ తల్లి మనసులో ఏ పిచ్చి ఆశ లేచిందో, తలుపు తీస్తే అది చస్తుందని భయపడిందో మరి, "చేసుంటాన్లే, మర్చిపోయుంటాను," అంది. అబద్ధం. ఆ సాయంత్రం ఆమె నంబరు నొక్కింది గానీ పాట ఆగకముందే పెట్టేసింది. గురువారం కూడా పగలు ఒకసారి మోగింది. ప్రిసిల్లా తల్లికి చెప్పలేదు.

రెండో శనివారం స్కూలుకు సెలవు. కాంతమణి లోపలి గదిలోనే చాప మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆమె ఫోను చాప మీదే, చిక్కుడుకాయల గిన్నె పక్కనే ఉంది. ప్రిసిల్లా బల్ల దగ్గర ఉంది.

బీరువాలో ఫోను మోగింది.

తల్లి చేతిలోని కాయ జారింది. తన ఫోను వైపు చూసుకుంది, కూతురి వైపు చూసింది. కూతురి ఫోను కూడా బల్ల మీద నల్లగా పడుంది. మోత ఆగలేదు. ప్రిసిల్లా లేచింది.

"ఎత్తకే," అంది కాంతమణి. "ప్రిసీ, నీకు దణ్ణం పెడతాను, ఎత్తకు."

"ఎవరో చూద్దాం అమ్మా."

"వద్దే! నువ్వు ఎత్తితే వాడింక…"

ప్రిసిల్లా బీరువా తెరిచింది. కలరా ఉండల వాసన, దాని అడుగున ఇంకా పోని అన్నయ్య వాసన, రెండూ ఒక్కసారి మొహాన కొట్టాయి. చొక్కాల మీద ఫోను వెలుగుతూ అదురుతోంది. తీసి చెవి దగ్గర పెట్టుకుంది. ఆ క్షణంలో ఆ పిల్ల ఎవరి గొంతు వింటాననుకుందో ఎవరికీ చెప్పలేదు, చెప్పదు కూడా.

"హలో, ప్రిసిల్లాగారి ఇల్లేనా అండీ? అడ్మిషన్ల ఆఫీసు నుంచి," అంది ఎవరో ఆడమనిషి. "అమ్మయ్య, ఎత్తారు! బుధవారం నుంచీ చేస్తున్నాం. నిన్న కదమ్మా మీ ఇంటర్వ్యూ? అది దాటిపోయింది."

ప్రిసిల్లా గోడకు ఆనుకుంది. "నిన్ననా?"

"మీరు సిఫారసు కాగితంలో ఇచ్చింది ఈ నంబరే. ఎవరూ ఎత్తరు, మేం మాత్రం ఏం చేస్తాం? సరే, గురువారం ఆఖరి బ్యాచి ఉంది. ఎవరైనా రాకపోతే మిమ్మల్ని పిలుస్తాం. నమ్మకం చెప్పలేను. సోమవారంలోపు చేస్తాను. ఈ నంబరుకేనా?"

వేరే నంబరు చెప్పాలన్న తెలివి ఆ పిల్లకు అప్పుడు లేదు. "ఆఁ," అంది.

ఏసురత్నం డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇంట్లో దీపం లేదు. సంగతి విని తన చేతి వైపు చూసుకున్నాడు. చర్చి ఆఫీసులో సిఫారసు కాగితం నింపింది ఆయనే. "నా చెయ్యే తల్లీ, నా చెయ్యి చేసింది," అన్నాడు. "వాడి కోసం ఆ ఏడాది ఎన్ని కాగితాల్లో రాశానో. మెడికల్ కాలేజీ అనగానే ఆ నంబరే వచ్చేసింది. రాశాక ఒక్కసారి చదివి చూసుకున్నా బాగుండు."

ప్రిసిల్లా అప్పటిదాకా ఏడవలేదు. అప్పుడు అరిచింది, వీధి వీధంతా వినేలా. "వాడి ఫోన్ బతికే ఉంది నాన్నా! నేనే చచ్చిపోయాను ఈ ఇంట్లో! నా తల మీద ఎవరన్నా చెయ్యి పెడితే వాడి కోసం. నేను చదివితే వాడి కోసం. నాకొచ్చిన ఒక్క ఫోనూ వాడి బీరువాలోకే వెళ్ళింది. నాకు కావాలి ఆ సీటు. నాకు! ఆ మాట ఒక్కరన్నా అడిగారా?"

కాంతమణి చాప మీద చిక్కుడుకాయలు ఏరుకుంటూ కూర్చుంది. ఏరడానికేముంది, అన్నీ ఏరేసినవే.

మర్నాడు సాయంత్రం ప్రిసిల్లా అదే కుర్చీలో కూర్చుని మోత కోసం చెవి ఒగ్గింది. రోజూ వచ్చే వేళ దాటింది. సందులో పిల్లలు ఆట ముగించి పోయారు. మౌలాలి వైపు ఏదో గూడ్సు బండి సాగిపోయింది. బీరువా మోగలేదు. మోగుతున్నన్నాళ్ళూ విసుక్కుంది గానీ, మోగకపోతే అన్నయ్య ఇప్పుడు, ఈ పూటే పోయినట్టుంది. తన ఫోను తీసి వాడి నంబరు తనే నొక్కింది, రెండేళ్ళలో మొదటిసారి.

చెవిలో క్రిస్మస్ పాట మొదలైంది. గదిలో మోత లేదు. మోత వంటింట్లోంచి వస్తోంది. రెండు చరణాలు కూడా కాకుండానే పాట తెగిపోయింది.

"హలో! హలో, అండీ!" తల్లి గొంతు. ఆయాసపడుతోంది.

"అమ్మా, నేనే."

"లైను బిజీ చెయ్యకు తల్లీ," అంది కాంతమణి. "వాళ్ళు చేస్తారేమో. పెట్టెయ్."

ప్రిసిల్లా లేచి చూసింది. బీరువా తలుపు ఓరగా తీసి ఉంది. తెల్లటి వైరు ఊడదీసి ఉంది.

సోమవారం కాంతమణి స్కూలుకు సెలవు పెట్టింది. పెట్టి చేసిందేమిటంటే, కొడుకు ఫోను కొంగున ముడేసుకుని ఇల్లంతా తిరగడం. అన్నం వార్చేటప్పుడు ఒకసారి, బట్టలారేసేటప్పుడు ఒకసారి తీసి చూసుకుంది. ప్రార్థనకు కూర్చున్నా కళ్ళు మూసుకోలేదు, దాని వైపే చూస్తూ చేసింది. ఊర్మిళ గేటు దగ్గరకొచ్చి, "ఏందక్కా, సెలవా?" అంటే, "ఫోనొస్తుంది, తర్వాత రా," అని ముఖం మీదే తలుపేసింది. పొద్దు వాలింది. ఆఫీసులు మూసే వేళయింది. ఏసురత్నం వరండాలో తల పట్టుకుని కూర్చున్నాడు. ప్రిసిల్లా పుస్తకం తెరిచి ఒకే పేజీ చూస్తోంది. ఇంక రాదు అని ముగ్గురికీ తెలిసిపోయింది.

ఫోను మోగింది.

కాంతమణి కొంగు ముడి బిగుసుకుపోయింది. పళ్ళతో లాగింది. చెవికి పెట్టుకుంది.

"హలో, చెప్పండి," అంది. తడబడింది. నాని వాళ్ళమ్మను అనడానికి నోరు తిరిగినట్టే తిరిగి ఆగింది. "నేను ప్రిసిల్లా వాళ్ళమ్మను."

అవతల ఏదో చెబుతున్నారు. కాంతమణి వింటోంది. కళ్ళ వెంట ధారగా కారుతోంది గానీ గొంతు మాత్రం బడిపంతులమ్మ గొంతే, గట్టిగా, స్పష్టంగా ఉంది.

"ఉందండీ. ఎక్కడికీ పోలేదు, ఇక్కడే ఉంది."

ఫోను కూతురి ముందుకు చాపింది.

"నీకే," అంది.