బురా ఊపిరి పట్టిన వేళ

ఆ దీవిలో లెక్కలోకి వచ్చే గాలులు రెండే. దక్షిణం నుంచి వచ్చేది యూగో. తడిగా, బరువుగా వీస్తూ మనుషుల తలలు నొప్పెట్టిస్తుంది. ఈశాన్యపు కొండల మీంచి దూకేది బురా. యూగో మూడు రోజులు వీచాకే బురాకు దారి ఇస్తుందని తాతల నాటి మాట. విత్స్కో ఆ మాట నమ్మే తన చిన్న విమానం తీశాడు. అలల ధాటికి ఓడలు ఆగిపోయాయి. పొరుగింటి పిల్ల పురిటి నొప్పులు పడుతోంది. అవతలి ఒడ్డున ఆసుపత్రిలో దింపి వస్తానన్నాడు. ఈరోజు రెండో రోజే కదా, గాలి ఇప్పుడే మారదని భార్యకు ధైర్యం చెప్పి వెళ్లాడు.

ఇప్పుడు తిరిగి వస్తున్నాడు. అతని భార్య యెర్కా, విమానాలు దిగే మైదానానికి కాపలా ఉండే ముసలి పావె ఇద్దరూ రాతిగోడ పక్కన నిలబడి చూస్తున్నారు. మైదానానికి ఒక పక్క ఈ గోడ, రెండో పక్క కొండచరియ. దాని కింద సముద్రం.

విమానం యూగోకు ఎదురొడ్డి నెమ్మదిగా దిగుతోంది. అంతలో యెర్కా మెడకు చల్లటి గాలి తగిలింది. పావె కొండకేసి చూశాడు. శిఖరం మీద తెల్లటి మబ్బు కూర్చుని ఉంది, బురా వస్తోందనడానికి గుర్తుగా.

"ఎల్లుండి కదా ఇది రావాల్సింది," అని గొణిగాడు.

"దానికి లెక్కలు ఎవరు నేర్పారు బాబాయ్?" అంది యెర్కా.

చక్రాలు నేలను తాకాయో లేదో, బురా పక్కనుంచి కొట్టింది. ఎడమ రెక్క పైకి లేచింది. చేటలో పొట్టు ఎగిరినట్టు విమానం ఎగిరి తలకిందులుగా పడింది, చరియ అంచుదాకా ఈడ్చుకుపోయి ఆగింది. దాంతోపాటే గాలీ ఆగింది.

గడ్డిపోచ కదలడం లేదు. దేవమాతను తలుచుకుంటూ యెర్కా పరుగెత్తింది. వెనకే పావె.

విత్స్కో నడుముపట్టీకి తలకిందులుగా వేలాడుతున్నాడు. నుదుటి నుంచి రక్తం కారుతోంది.

"పట్టీ కోసెయ్, బాబాయ్. తల మీద పడినా పర్లేదు. ఎలాగూ పొద్దున్నుంచీ అది పనిచెయ్యట్లేదు."

"నోరు ముయ్యి," అంది యెర్కా, అతని భుజాలు పొదివి పట్టుకుని.

పావె కత్తితో పట్టీ కోశాడు. ఇద్దరూ అతన్ని మోసుకొచ్చి గోడ చాటున కూర్చోబెట్టారు. యెర్కా చెయ్యి ఇంకా అతని గుండె మీద ఉండగానే బురా మళ్లీ వచ్చింది. విమానం ఒక్కసారి పొర్లి, అంచు దాటి కనబడకుండా పోయింది. నీళ్లలో పడిన చప్పుడు కూడా ఆ హోరులో వినబడలేదు.



"బురా మధ్యమధ్యలో ఊపిరి తీసుకుంటుందమ్మా," అన్నాడు పావె. "దాని తీరే అంత."

"ఇంతసేపా, బాబాయ్?"

పుట్టినప్పటి నుంచి ఆ గాలి కిందే బతికిన మనిషి పావె. అది ఇంతసేపు ఆగడం ఎన్నడూ చూడలేదు. ఆ హోరుగాలిలోనే టోపీ తీసి చేత పట్టుకుని, దేవమాత ఎదుట ఉన్నట్టు తల వంచి నిలబడ్డాడు.