వేలూరు లైను

"మాట్లాడండి" అని జ్ఞానాంబ తీగను బోర్డులోకి గుచ్చి, చీటీ మీద టైము వేసింది. ఏడూ పది. మదనపల్లె కాల్. మరో దీపం వెలిగేలోపు కాలు మీద కాలు వేసుకుని తొడలు బిగించింది. పదిహేడేళ్ళుగా అదే కుర్చీ. ఆరేళ్ళుగా అదే కూర్చోవడం. ఎడమ మోకాలి లోపలివైపు చర్మం నల్లగా కాయకట్టింది.

చిత్తూరు టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆమెది ట్రంకు బోర్డు. నలభై రెండేళ్ళుంటాయి. పొట్టి మనిషి. హెడ్‌సెట్టు పట్టీ రాసుకుని రాసుకుని నడినెత్తిన జుట్టు వేలెడంత వెడల్పున పలచబడింది. ఉదయం డ్యూటీ ఉన్నప్పుడు ముందురోజు పొద్దుగూకాక మంచినీళ్ళు ముట్టదు. పెదవులు పొక్కులు లేచి ఉంటాయి. అయినా గంట గడవకముందే పొత్తికడుపులో ఎవరో పిడికిలి బిగించినట్టవుతుంది. అప్పుడు పక్క బోర్డు అమ్మాయికి సైగ చేసి, హెడ్‌సెట్టు తీసి, వసారా దాటి, పెరటి చివరనున్న దొడ్డికి పోవాలి. పోతే నాలుగు చుక్కలు. తిరిగి వచ్చేసరికి సూపర్‌వైజరు రామచంద్ర గోడ గడియారం వైపు చూస్తూ ఉంటాడు. ఏమీ అనడు. ఏదో ఒకటి అంటే బాగుండునని ఆమెకు చాలాసార్లు అనిపించింది.

చూపించుకోలేదని కాదు. ఊళ్ళో ఒక డాక్టరు చక్కెర పరీక్ష చేసి, లేదని చెప్పి, సీసాలో ఎర్ర మందు ఇచ్చాడు. ఇంకొకాయన తల ఎత్తకుండానే "వయసమ్మా" అన్నాడు. పక్కింటి గంగులమ్మ వేయించిన నువ్వులు, బెల్లం కలిపి ఉండలు చేసి పెట్టింది. మనవడికి పక్క తడిపే అలవాటు వాటితోనే పోయిందట. జ్ఞానాంబ మండలం రోజులు తింది. భర్త తిరుమలయ్యకు కాణిపాకంలో కొబ్బరికాయల అంగడి. ఒకనాడు అతను తన మంచాన్ని వసారాలోకి మార్చుకున్నాడు. కార్వేటినగరంలో చెల్లెలి కూతురి పెళ్ళికి జ్వరమని కబురు పంపింది. బస్సెక్కి నాలుగేళ్ళయింది.

ఈ సంగతి పూర్తిగా తెలిసిన మనిషి ఒక్కతే. వేలూరు ఎక్స్ఛేంజిలో ఆపరేటరు పంకజాక్షి. పదకొండేళ్ళుగా రోజుకు పాతిక ముప్పైసార్లు లైను మీద కలుసుకునే ఆ ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు. ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు, ఎండాకాలంలో, కాల్స్ లేని ఒక మధ్యాహ్నం పంకజాక్షి అడిగింది.

"ఏమ్మా సిత్తూరూ, లైను పట్టుకోమని మాటిమాటికీ యాడికి పోతావు? సక్కెర గిక్కెర ఉండాదా?"

"సక్కెర లేదక్కా" అని, ఆగి, జ్ఞానాంబ అంతా చెప్పేసింది. ముఖం కనపడకపోవడం వల్లనేమో, మాటలు వాటంతటవే వచ్చాయి.

పంకజాక్షి నాలుగు నెలలు విచారించింది. ఆడవాళ్ళ డాక్టరమ్మ తన పని కాదంది. ఆమె చెప్పిన ఇంకో డాక్టరు బదిలీ అయిపోయి ఉన్నాడు. చివరకు పోయిన శుక్రవారం లైనులోకి రాగానే గొంతు తగ్గించి చెప్పింది.

"ఒంటికి పోయే జబ్బులకే ఒక డాక్టరున్నాడంట ఈడ. సదివి వచ్చిండేదే దానికంట. బేస్తవారం సాయంత్రం సూస్తాడు. నీ పేరు రాయించినాను. డ్యూటీ దిగి ఒంటిగంటన్నర బస్సుకు రా."

"బస్సులో యెట్లక్కా? గంటన్నర దావ."

"తడిస్తే తడుస్తాది. నువ్వు రా. ఎక్స్ఛేంజి కాడ నేనుంటా."

ఈ రోజు బేస్తవారం. మంగళవారం నుంచీ చెడి ఉన్న వేలూరు లైను పదింటికే బాగయింది. పదిన్నరకు బెల్లం మండీ నుంచి వేలూరుకు అర్జెంటు కాల్ వచ్చింది. జ్ఞానాంబ తీగ గుచ్చింది.

"వేలూరు" అంది ఒక సన్నటి గొంతు.

"పంకజాక్షక్క లేదా?"

"మీరెవరు?"

"సిత్తూరు. జ్ఞానాంబ."

అవతలి గొంతు ఇంకా సన్నబడింది. "అక్క పోయిందక్కా. మంగళవారం తెల్లారుజామున. నిద్దర్లోనే. గుండె అన్నారు."

"హలో! ఆపరేటరూ! లైను యాడమ్మా? ఆడ లారీ నిలబడుండాది!" మండీ మనిషి అరుస్తున్నాడు.

"ఇస్తా ఉండాను సార్" అని జ్ఞానాంబ నంబరు చెప్పింది. వేలూరు పిల్ల కలిపింది. "మాట్లాడండి."

వాళ్ళు బెల్లం గురించి మాట్లాడుకున్నారు. జ్ఞానాంబ చీటీ మీద టైము వేసి, చేతిలోని పెన్సిలును చూస్తూ కూర్చుంది. ఏడుపు రాలేదు. మూడు నిమిషాలయ్యాక అయిందని చెప్పింది. మండీ మనిషి ఇంకో మూడు అడిగాడు, ఇచ్చింది. వాళ్ళు పెట్టేశాక తీగ తీయబోతుంటే ఆ సన్నటి గొంతు మళ్ళీ వచ్చింది.

"అక్కా, ఉండావా? నీ పేరుతో ఈడ ఒక సంచి ఉండాది. సోమవారం తెచ్చి పెట్టింది. యేం చేసేది?"

"వస్తా" అంది జ్ఞానాంబ. అంతవరకూ పోతానో లేదో ఆమెకే తెలియదు.

బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. వెనక మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడింది. చెక్‌పోస్టు దగ్గర ఆగినప్పుడు దిగి కంపల చాటుకు పోయి వచ్చింది. కాట్పాడిలో దిగబోతే కండక్టరు విజిలు వేశాడు. పాలారు వంతెన మీదికి వచ్చేసరికి ఇక ఆగలేదు. కింద నది నిండా ఇసుక. ఆమె ఆ ఇసుకనే చూస్తూ నిలబడింది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. చీర వెనక అరచేతి మేర తడిసింది.

వేలూరు ఎక్స్ఛేంజి గుమ్మంలో అటెండరు గుడ్డసంచి తెచ్చిచ్చాడు. దానికి పిన్నుతో ఒక చీటీ గుచ్చి ఉంది. తెలుగు రాయడం అలవాటు తప్పిన చేత్తో, పెద్ద పెద్ద అక్షరాలు: సిత్తూరు జ్ఞానాంబ. లోపల ఉతికి ఇస్త్రీ చేసిన బూడిదరంగు నూలు చీర, తెల్ల లంగా. ఇంకేమీ లేవు.

ఆడవాళ్ళ గదిలో మార్చుకుంది. లంగా పాదాలు దాటి నేల మీద జీరాడింది. పంకజాక్షి పొడుగు మనిషని ఆమెకు అప్పుడే తెలిసింది. నడుము దగ్గర రెండు మడతలు వేసి బొందు బిగించుకుని, అటెండరును దారి అడిగి ఆసుపత్రికి నడిచింది.

డాక్టరు తెలుగు, అరవం కలిపి మాట్లాడాడు. రోజుకు ఎన్నిసార్లు, రాత్రి ఎన్నిసార్లు, దావలోనే పోతుందా, అన్నీ అడిగి రాసుకున్నాడు. పడుకోబెట్టి కడుపు నొక్కి చూశాడు. పరీక్షకు పంపించి మళ్ళీ పిలిచాడు.

"మూత్రం సంచి నిండకముందే పిండుకుంటా ఉండాదమ్మా. సానామందికి ఉండేదే, ఎవరూ సెప్పరు. నీళ్ళు మానొద్దు. గడియారం సూసి పో. ఈ వారం అరగంటకొకసారి. వచ్చే వారం ఇంకో పది నిమిషాలు ఓర్సుకో."

"ఓర్సుకుంటా" అంది జ్ఞానాంబ. ఆరేళ్ళలో, ఆమె తానుగా చేయాల్సిన పని ఒకటి ఎవరైనా చెప్పడం అదే మొదలు.

దసరాకు గంటన్నర కూర్చోగలిగింది. రామచంద్ర గడియారం వైపు చూడడం మానుకున్నాడు. తిరుమలయ్య మంచం వసారాలోనే ఉండిపోయింది. వేలూరు లైనులో ఆ సన్నటి గొంతే పలుకుతోంది. పని మాటలు తప్ప ఆ ఇద్దరి మధ్య వేరే మాటలు లేవు.

ఒకసారి మాత్రం, బట్టలు ఎవరికి పంపాలని జ్ఞానాంబ అడిగింది. పంకజాక్షికి పెళ్ళి కాలేదని, అద్దె గది ఖాళీ చేసి సామానంతా తమ్ముడు ఎటో తీసుకుపోయాడని ఆ పిల్ల చెప్పింది.

చీర పెట్టెలో పెట్టింది. లంగా కడుతూ ఉంది, మడతలు వేసుకునే. అంచు మడిచి కుట్టిస్తానని గంగులమ్మ రెండుసార్లు అడిగితే వద్దంది. ఉతికిన రోజు పెరట్లో తీగ మీద, ఆమె లంగాల పక్కన, అది జానెడు పొడుగ్గా వేలాడుతూ ఉంటుంది.